మణెమ్మ పిడికెడు

పామర్రు దగ్గరి ఆ పల్లెలో పాస్టరు కృపానందంగారి ఇంట్లో అన్నం ఏనాడూ ఒకలా ఉడికేది కాదు. కొంత ముద్దయ్యేది, కొంత పలుకుగా మిగిలేది. సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో పోసే ముందు బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి పేరున దాచి, ఆదివారం కానుకల వేళ తెచ్చి గుళ్లో బల్ల ముందున్న గంపలో పోస్తుంది. పాస్టరుగారి కుటుంబం తినేది ఆ బియ్యమే. ఇన్ని ఇళ్ల బియ్యం కలిస్తే అన్నం ఇంకెలా ఉడుకుతుంది? పాస్టరుగారి భార్య అమలమ్మ సణుక్కుంటూనే వండేది.

డెబ్బై ఏడు తుఫానుకు చేలన్నీ నేలకు కరుచుకుపోయాయి. కోతలు లేవు, కూలి లేదు. ఒంటరి మనిషి మణెమ్మ ఇంట్లో పొయ్యి వెలగని రోజులే ఎక్కువ. వెలిగిన రోజు మాత్రం పిడికెడు తీయడం మానలేదు.

కృపానందంగారు చూడలేకపోయారు. మంచివారే, కాకపోతే మంచితనం ఎక్కడ ఆపాలో తెలియని మనిషి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ పిలిచారు.

"మణెమ్మా, నువ్వింక బియ్యం తేవద్దు. దేవుడేం అనుకోడులే."

పైగా గంపలోంచి మానెడు తీసి ఆమె చెంగులో పోయించారు.

ఆకలి గనక మణెమ్మ తీసుకుంది. ఇంటికెళ్లి ఏడ్చింది. మొగుడు పోయినప్పుడూ, తుఫానుకు ఇంటికప్పు ఎగిరిపోయినప్పుడూ కూడా తక్కిన ఆడవాళ్లతో పాటు గంప దాకా నడిచిన మనిషి ఆమె. ఇప్పుడు కూర్చుని చూడమన్నారు. ఇచ్చేవాళ్లలోంచి తీసేసి పుచ్చుకునేవాళ్లలో కలిపేశారు. ఆ బాధ ముందు ఆమెకు ఆకలి పెద్దదిగా అనిపించలేదు.

మరుసటి ఆదివారం కానుకల పాట అందుకోగానే ఆడవాళ్లు లేచారు. వాళ్ల వెనకే మణెమ్మా లేచింది. గంప దగ్గర కృపానందంగారు చెయ్యి అడ్డం పెట్టి, గొంతు తగ్గించి అడిగారు.

"ఇవి పోయినవారం మనం ఇచ్చిన బియ్యమే గదా, మణెమ్మా?"

"అవునండి అయ్యగారూ. ఇచ్చేశాక నాయి కావేంటండీ?"

ఆయన చెయ్యి గంప మీంచి కదల్లేదు.

"ఎసట్లో పొయ్యకముందే తీశానండి. చెయ్యి తియ్యండి."

తీశారు. మణెమ్మ గుప్పిట విప్పింది.

పాట అయిపోయింది. కానుకల మీద ప్రార్థన చేయవలసింది ఆయనే. దేవుడిచ్చిన దాంట్లోంచే దేవుడికి తెస్తున్నామని ప్రతివారం గడగడా అప్పజెప్పే మాట దగ్గరికొచ్చి ఆయన గంపకేసి చూస్తూ ఆగిపోయారు. జనం కళ్లు మూసుకుని ఎదురుచూశారు.

ఆయన ఆగిన చోట మణెమ్మ గట్టిగా "ఆమేన్" అంది.