ఐదు డిగ్రీల వాకిలి

కృపారాణి ప్రయోగశాల బల్ల మీద రికార్డులను రెండు చోట్ల పెట్టింది. ఒకచోట తరగతి మొత్తానివి దొంతరగా ఉన్నాయి. ఇంకోచోట ఝాన్సీ రికార్డు ఒక్కటే ఉంది.

రాజాంలోని ఆ డిగ్రీ కళాశాలలో ఖగోళశాస్త్ర ప్రయోగాలు మొదలైంది ఆ ఏడాదే. దూరదర్శిని ఇంకా రాలేదు. రాకపోయినా పాఠం ఆగదని, శ్రీకాకుళం నుంచి రోజూ బస్సులో వచ్చి బోధించే కృపారాణి నిశ్చయించుకుంది. సూర్యుడున్నాడు, పిల్లలకు ఇళ్లున్నాయి. ఫిబ్రవరి చివరి నుంచి నెల రోజుల పాటు ఎవరి ఇంటి దగ్గర వాళ్లు సూర్యుడు పొడిచే దిక్కును కొలవాలి. ఏ రోజున అతడు సరిగ్గా తూర్పున పొడిచాడో చెప్పాలి.

"ఒక్కరికి తప్ప అందరికీ మార్చి ఇరవై ఒకటే వచ్చింది. చాలా బాగుంది. నరేష్, నువ్వు దేన్ని కొలిచావు?"

"సూర్యుణ్ణే మేడమ్."

"మార్చి మొదట్లో రెండు రోజులు పొద్దెక్కేదాకా మంచు విడవలేదు. మా బస్సు లైట్లేసుకుని వచ్చింది. ఆ రెండు రోజులూ నీకు సూర్యుడు కనిపించినట్టు రాశావు. ఎక్కడ కనిపించాడు?"

"ఫోన్లో కనబడుంటాడు మేడమ్," అని వెనక బెంచీ నుంచి ఎవరో అందించారు. తరగతి నవ్వింది. కృపారాణి కూడా నవ్వి, రికార్డుల దొంతరను పక్కకు నెట్టింది.

"జవాబు నాకు ముందే తెలుసు. దానికి మార్కులు లేవు. కొలతలో తప్పు ఎక్కడుందో వెతికి, అదే తప్పని రుజువు చేసినవాళ్లకే మార్కులు. సోమవారం దాకా గడువు. రుజువు తేనివాళ్లకు ఈ ప్రయోగంలో సున్నా."

ఝాన్సీ లేచి నిలబడింది. ఆమె రికార్డులో సూర్యుడు తూర్పుకు చేరిన తేదీ మార్చి పది. దాదాపు పదకొండు రోజుల తేడా. మంచు కురిసిన రోజులకు ఎదురుగా ఆమె అడ్డగీతలు గీసి వదిలేసింది.

"మేడమ్, నాది మాత్రం నిజంగానే కొలిసినాను."

"తెలుస్తూనే ఉందమ్మా. అందుకే అడుగుతున్నాను. నీకు తూర్పు ఏదో ఎలా తెలిసింది?"

ఝాన్సీకి ఆ ప్రశ్న వింతగా తోచింది. వాళ్లది తూర్పు వాకిలి ఇల్లు. పొద్దున్నే ఎండ వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చి, హాలు దాటి, వెనక గోడ మీద పడుతుంది. రోజూ ఆ వెలుగు నడిమధ్యన సుద్దతో చుక్క పెట్టింది. చుక్కలు ఉత్తరం నుంచి దక్షిణానికి జరుగుతూ పోయాయి. గుమ్మానికి సూటిగా వెనక గోడలో ఉన్న దేవుడి గూటి మీద వెలుగు పడిన రోజును ఆమె లెక్కలోకి తీసుకుంది. వాకిలి తూర్పా కాదా అన్న సందేహం ఆ ఇంట్లో ఎవరికీ, ఎన్నడూ రాలేదు.

ఆ రోజును ఆమె తండ్రి జగన్నాధం పండుగలా జరిపాడు. అరసవల్లి సూర్యుడి గుడిలో కిరణాలు స్వామి పాదాలను తాకే రోజులవి. తన ఇంట్లోనూ అప్పుడే గూటి మీద వెలుగు పడిందని వీధి వీధంతా పిలిచి చూపించాడు. అక్టోబరులో మళ్లీ పడుతుందని, బంధువులందరూ రావాలని అప్పుడే చెప్పేశాడు కూడా. కిరణాలు సూటిగా పడిన ఆ తేదీయే వాకిలి తూర్పున లేదని చెబుతోందన్న ఆలోచన ఝాన్సీకి మొదటిసారి బస్సులో ఇంటికి పోతుండగా కలిగింది. ఆ ఆలోచన ఆమెకు నచ్చలేదు. అయినా వదలలేదు.

శనివారం ఉదయం ఆమె మేడ మీద నిలువుగా కర్ర పాతింది. అది నిటారుగా ఉందో లేదో తాడుకు రాయి కట్టి సరిచూసుకుంది. కర్ర చుట్టూ సుద్దతో వలయం గీసింది. పొద్దున్న నీడ కొస వలయాన్ని తాకిన చోట ఒక మేకు, సాయంత్రం తాకే చోట మరొక మేకు కొట్టాలి. రెండింటికీ దారం కడితే అది తూర్పు పడమరలను చూపుతుంది. దానికి ఇంటితో గానీ ఫోనుతో గానీ పనిలేదు.

మధ్యాహ్నం జగన్నాధం మేడెక్కి వచ్చాడు.

"ఏటే ఇది?"

"తూర్పు ఎటున్నాదో సూస్తన్నాను నాన్నా."

"తూర్పు ఎటున్నాదా? కింద వాకిలి నేదా? తిరుమలరావు సిద్ధాంతిగారు దగ్గరుండి పునాదికి ముగ్గు పోయించిన ఇల్లే ఇది!"

"తేడా ఉన్నాదని లెక్క సెప్తంది. నిజమో కాదో సాయంత్రానికి తేలిపోద్ది."

"తేలితే?"

"రికార్డులో రాస్తాను."

జగన్నాధం ముఖం మారింది. "ఇంటికి వంక పెట్టి కాలేజీలో సదువుతావా? రేపు వీధిలో నా మొకం ఎక్కడ పెట్టుకోను? తీసీ ఆ కర్ర."

ఝాన్సీ కర్రకూ తండ్రికీ మధ్య నిలబడింది. "ముట్టుకోకు నాన్నా. కదిలితే రేపు మళ్లీ మొదట్నుంచి సెయ్యాల. సెయ్యడం మాత్రం మాన్ను. అందరూ అబద్ధం రాసుకొచ్చినారు. నాదొక్కటే కొలిసింది. దాన్ని నాను దిద్దను."

ఆయన కర్ర తీయలేదు. కిందికీ దిగలేదు. పిట్టగోడ మీద కూర్చుని, నీడ ఏం చేస్తుందో చూస్తానన్నట్టు దాని వంకే చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం నీడ కొస వలయాన్ని తాకగానే ఝాన్సీ రెండో మేకు కొట్టింది. దారం కట్టి, దాన్ని పొడుగ్గా సాగదీయడానికి చేయి చాలక తండ్రి వైపు చూసింది. ఆయన గొణుక్కుంటూనే వచ్చి కొస పట్టుకున్నాడు. వెనక కొసను, వాకిలి వైపు సాగే పిట్టగోడకు ఆనించారు. పది అడుగుల అవతల, ముందు కొస దగ్గర, గోడకూ దారానికీ మధ్య జానెడు దాటి ఎడం వచ్చింది. గోడ దక్షిణానికి తప్పుకుని ఉంది. దాదాపు ఐదు డిగ్రీలు.

"గట్టిగా లాగు," అన్నాడు జగన్నాధం.

"ఇంతకన్నా లాగితే తెగిపోద్ది."

అప్పటికే బట్టలు తీయడానికి పైకి వచ్చిన జగ్గమ్మ, కొడుకు చేతిలో దారం చూసి నిలబడిపోయింది. "ఏటిరా, మళ్లీ తిప్పుతన్నావా?"

"నువ్వుండమ్మా."

"మళ్లీ అంటావేటి మామ్మా?" అంది ఝాన్సీ.

"సిద్ధాంతి ముగ్గు పోసెళ్లినాక, ఇల్లు రోడ్డుకి అడ్డదిడ్డంగా ఉన్నాదని మీ నాన్నే మేస్త్రీసేత దాన్ని రోడ్డు వారకి తిప్పించీసినాడు. నాను సెప్తే ఇన్నాడా?"

జగన్నాధం దారం వదిలేశాడు. జగ్గమ్మ బట్టలు మడతపెట్టుకుని దిగిపోయింది.

"రాస్తావన్నమాట," అన్నాడు ఆయన చివరికి.

"రాస్తాను."

"సిద్ధాంతిగారు తప్పు గీసినారని రాసీకు. ఆయన సరిగ్గానే గీసినాడు. తిప్పింది నాను. రాసీదేదో అది కూడా సరిగ్గా రాయి."

సోమవారం ఝాన్సీ వంతు వచ్చినప్పుడు కృపారాణి తేలిగ్గా వదలలేదు.

"మీ ఎదురింటికి మేడ ఉందన్నావు. సూర్యుడు కాస్త పైకెక్కాకే మీకు కనిపిస్తాడు. నీ తేడాకు అదే కారణమేమో?"

"కాదు మేడమ్. పైకెక్కే కొద్దీ సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు. వాకిలి నిజంగా తూర్పునే ఉండి, అడ్డు ఆ మేడ ఒక్కటే అయితే, వెలుగు గూటి మీదకి ఇరవై ఒకటి దాటినాక రావాల. మాకు ముందే వచ్చింది."

కృపారాణి తల ఊపింది. "అయితే తప్పు వాకిలిదే అంటావు. ఎలా తెలిసింది?"

"మా నాన్న ఒప్పుకున్నారు మేడమ్. ఇల్లు కట్టినప్పుడు ముగ్గు తిప్పించీసినారంట."

"మీ నాన్నగారు మర్యాదస్తులు. కానీ ఆయన ఒప్పుకోకపోతే నీ వాకిలి తూర్పుకు వచ్చేసేదా?"

ఝాన్సీ నాలుక కరుచుకుంది. సంచిలోంచి దారం ఉండ, మేడ మీద కొలతలు రాసిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. నీడతో మొదలుపెట్టి, జానెడు ఎడం దాకా మళ్లీ చెప్పింది. తండ్రి మాటను చివర్న ఒక్క వాక్యంలో చేర్చింది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది," అని కృపారాణి ఆ రికార్డు మీద పూర్తి మార్కులు వేసింది. మిగిలిన దొంతరను తరగతి వైపు తిప్పి పెట్టింది. "రేపు పొద్దున్నుంచి అందరూ మళ్లీ మొదలుపెట్టండి. ముందు నీడతో తూర్పు కనుక్కోండి. తర్వాతే సూర్యుడి దగ్గరికి పోదాం."

నరేష్ చేయెత్తాడు. "మేడమ్, మాకు నీడ అక్కర్లేదు. మాది నికరంగా తూర్పు ముఖం ఇల్లే."

"అలాగా," అంది కృపారాణి, ఝాన్సీ దారం ఉండను అతనికి అందిస్తూ. "ఎవరు కొలిచారు?"