మామూలు పదును

మాటల విషయంలో నేను పిసినారిని. కూర ఎలా ఉందంటే మామూలే, ఒంట్లో ఎలా ఉందంటే మామూలే, నాటకం ఎలా ఆడారంటే మామూలే. "నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?" అని మా ఆయన ఇరవై ఏళ్ళుగా ఏడిపిస్తూనే ఉన్నారు. నేను మాత్రం పట్టించుకుంటేగా.

మా నాటక సమాజంలో నాది బట్టలు కుట్టే పని. మా ఆయన వారమంతా గడియారాలు బాగుచేసుకుంటూ, ఆదివారం మధ్యాహ్నం రాజవుతారు. బస్సు నడిపే మా తమ్ముడు సేనాపతి. ఈసారి ఆడుతున్నది పురాతన గ్రీకు రాజు కథ. చివర్లో సేనాపతి కత్తి దూస్తాడు. రాజు ఆ కత్తిని రెండు చేతులతో పట్టుకుని, తనే గుండెల్లోకి లాక్కుంటాడు. గుండెల్లోకంటే జనం కంటికి మాత్రమే, నిజానికి అది చంక కిందకి పోతుంది. మొదటి ఆటలో చెక్క కత్తి పిడి ఊడి, కత్తి కాస్తా ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషి ఒళ్ళో పడింది. జనం పగలబడి నవ్వారు. పాపం, రాజు ఆ నవ్వుల మధ్యే చచ్చిపోవలసి వచ్చింది.

దాంతో నాటకం ఆడించే మాస్టారికి తల కొట్టేసినట్టయింది. "అసలు గ్రీకు కత్తికి అచ్చుగుద్దినట్టు నకలు కావాలి, పోయి కొనుక్కురా" అని ఒక బొమ్మ నా చేతిలో పెట్టారు.

కత్తుల షాపు ఒక గొడౌన్ వెనక ఉంది. గోడ నిండా కత్తులు వేలాడుతున్నాయి. లోపల సానరాయి గిర్రున తిరుగుతూ చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. కత్తులు చేసే ముసలాయన నేను తెచ్చిన బొమ్మ చూడగానే వెలిగిపోయాడు. నడుము దగ్గర సన్నగా, కొసకు ముందు వెడల్పుగా, పొడవాటి ఆకులా ఉండే కత్తి అది. పిడికి ఏ చెక్క, ఒరకు ఏ తోలు అంటూ ఒకటే ప్రశ్నలు. నాకేమీ తెలియదని ఆయనకు తెలియకూడదని, అన్నిటికీ పెద్ద తెలిసినదానిలా తలాడించాను.

"మరి పదును సంగతేంటమ్మా?" అని సానరాయి రొదలో గట్టిగా అడిగాడు.

"మామూలే" అన్నాను.

నాటకాల వాళ్ళకు మామూలు కత్తి అంటే మొద్దు కత్తే. అది ఎవరికైనా చెప్పాలా అనుకున్నాను. ఆయన తృప్తిగా నవ్వి చీటీ మీద ఏదో రాసుకున్నాడు.

ఆట ఉన్న ఆదివారం పొద్దున్నే కత్తి తెచ్చుకున్నాను. ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి ఇచ్చాడు. "చెయ్యి జాగ్రత్తమ్మా" అన్నాడు. పోయిరామ్మా అన్నట్టే ఉంది ఆ మాట. నేను దాన్ని చెవిన పెట్టలేదు.

బట్టల గదిలో తమ్ముడు దాన్ని దూసి, గాల్లో రెండుసార్లు తిప్పి, "అబ్బ, ఏం బరువక్కా!" అని మురిసిపోయాడు. మళ్ళీ ఒరలో పెడుతూ నడికట్టు కొస చూసుకున్నాడు. "పిడికి తగులుకుని చిరిగినట్టుందే. ఒక కుట్టు వేసి పెట్టు" అని దాన్ని విప్పి నా మీద పడేసి, ఇంకోటి కట్టుకుని కత్తితో స్టేజి వైపు పోయాడు.

సూదిలో దారం ఎక్కించి నడికట్టు ఒళ్ళో పరుచుకున్నాను. చిరిగిన చోట పోగులు లేవాలి. ఒక్క పోగు కూడా లేవలేదు. రెండు మడతల ముతక బట్ట నా పెద్ద కత్తెరతో కోసినంత నున్నగా విడిపోయి ఉంది. ఇన్నేళ్ళుగా బట్టలతో బతుకుతున్నాను, చిరుగుకూ కోతకూ తేడా నా వేళ్ళకు తెలుసు. ఇది కోత.

ముసలాయనకు ఫోన్ చేశాను. "మీరు కత్తి మామూలుగానే చేశారు కదా?"

"మామూలేనమ్మా. వెంట్రుక వేస్తే తెగుతుంది. రెండు వైపులా పెట్టాను."

"మొద్దుది కదా నేను అడిగింది?"

"మా దగ్గర కొనుక్కునే వాళ్ళందరికీ పదునే మామూలమ్మా. మొద్దు కావాలనుకునే వాళ్ళు మొద్దని చెప్తారు." వెనక సానరాయి రొద ఆగింది. "ఎవరికైనా తగిలిందా?"

ఫోన్ పెట్టేశాను. గదిలో ఉన్న చిన్న స్పీకరులోంచి స్టేజి మీద మాటలు వినిపిస్తున్నాయి. పురజనుల ఏడుపు పాట అయిపోవచ్చింది. అది అవ్వగానే సేనాపతి వస్తాడు. రాజుకు ఎనిమిది మాటలు, అంటే ఎనిమిది డైలాగులు ఉంటాయి. ఎనిమిదో మాటకు మా ఆయన చేతులు చాస్తారు. గడియారాల్లో గోరంత చక్రాలు పట్టుకునే ఆ చేతుల్తో కత్తిని గట్టిగా పట్టుకుని లాక్కుంటారు. రిహార్సళ్ళలో చెక్క కత్తితో నలభైసార్లు అలాగే చేశారు. లాగేది కూడా నిజంగానే లాగుతారు, ఉత్తుత్తిగా లాగడం ఆయనకు చేతకాదు.

పరుగెత్తాను. మెట్లు, నడవ, మళ్ళీ మెట్లు. తెర పక్కన మాస్టారు పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మాస్టారూ, తెర వేయించండి. కత్తికి మామూలు పదును పెట్టాడు!"

"మామూలేగా? మరి ఈ కంగారెందుకు?" అన్నారాయన, కళ్ళు పుస్తకంలోంచి తీయకుండా.

ఆ మాట మళ్ళీ నా కొంప ముంచింది. వివరంగా చెప్పాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఇరవై ఏళ్ళు వాడని మాటలు అవసరానికి పిలవగానే వస్తాయా? "తెగుతుంది, వేళ్ళు తెగుతాయి" అని నేను గొణిగేసరికి స్టేజి మీద ఆరో మాట అయిపోయింది. "తెర మధ్యలో ఎలా వేస్తామమ్మాయ్..." అంటూ మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆ చేతి కిందుగా దూరిపోయాను.

స్టేజి ఎక్కడమంటే నాకు చచ్చేంత భయం. జనం ముందు నిలబడటం ఇష్టం లేకే సూది పట్టుకున్నదాన్ని. మెడలో టేపు, జాకెట్టుకు గుండుసూదులు, వెలుగులో కళ్ళు బైర్లు కమ్మాయి. తమ్ముడు కత్తి సూటిగా చాచి ఉన్నాడు. మా ఆయన వేళ్ళు దాని చుట్టూ ముడుచుకుంటున్నాయి.

"లాగకండి!" అని అరిచాను.

మా ఆయన ఆగిపోయారు. వేళ్ళు అప్పటికే కత్తిని పట్టుకున్నాయి. తమ్ముడు బెదిరి నా వైపు తిరగబోయాడు. వాడు ఒక్క అంగుళం వెనక్కి తీసినా బావ వేళ్ళు నేలమీద ఉంటాయి.

"కదలకురా! నీకు పుణ్యముంటుంది, కదలకు. అది నిజంగా తెగే కత్తి. కత్తెరైనా కత్తైనా ఒత్తితే కాదురా, జరిగితేనే కోస్తుంది. చెయ్యి బిగించుకో. ఊపిరి కూడా తియ్యకు."

వాడి ముఖం పాలిపోయింది. రెండు చేతులతో వాడి మణికట్టు పట్టుకున్నాను. వాడి వణుకు నా చేతుల్లోకి పాకింది, నా వణుకు వాడికి చేరకుండా పళ్ళు బిగించాను. జనం అదీ నాటకంలో భాగమే అనుకున్నారు కాబోలు, ఒక్కరూ లేవలేదు.

"ఏవండీ, నా వైపు చూడకండి. మీ వేళ్ళు చూసుకోండి. వాచీలో ముల్లు తీసేటప్పుడు ఎలా వదులుతారో అలా వదలండి. ఒక్కొక్కటీ."

చూపుడువేలు లేచింది. తర్వాత మధ్యవేలు. ఉంగరం వేలు దగ్గర ఒక ఎర్రటి బొట్టు పుట్టి, కత్తి మీదుగా జారి కొసకు చేరింది. ఆయన కళ్ళు మూసుకోబోయారు. "మూసుకోకండి" అన్నాను. చిటికెనవేలు లేచింది. ఎడమచెయ్యి, మళ్ళీ మొదటి నుంచి. ఆఖరి వేలు విడిపోయాక కూడా తమ్ముడు కత్తి దించలేకపోయాడు. వాడి పిడికిలి నేనే విప్పాను.

తెర పడింది. బయట చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. మాస్టారు వచ్చి, కత్తి మీద రక్తం చూసి మందుల పెట్టె కోసం పరుగెత్తారు.

బట్టల గదిలో మా ఆయన చేతులు నా ఒళ్ళో పెట్టుకుని కట్టు కట్టాను. మూడు వేళ్ళ మీద సన్నటి గీతలు, అంతే. అయినా ఒకటికి మూడుసార్లు వేళ్ళన్నీ మడిచి, చాపి చూశాను. తమ్ముడు మూలన కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"బాగా భయపడ్డావా?" అని మా ఆయన అడిగారు.

"మామూ..." అని నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"చచ్చేంత భయపడ్డానండీ" అన్నాను. "బట్ట కోత చూసినప్పుడే నా ప్రాణం పోయింది. మెట్ల మీద పడిపోతాననుకున్నాను. మీ వేళ్ళు అక్కడ పడి ఉంటే తమ్ముడి ముఖం జన్మలో ఎలా చూడాలా అనుకున్నాను. మీరు ముల్లు పెట్టలేక, షాపులో ఊరికే కూర్చుని ఉన్నట్టు కనపడింది. అదంతా నా ఒక్క మాట వల్ల..."

ఇక నోరు ఆగలేదు. ముక్కు కారుతోంది, తుడుచుకోవడం కూడా మర్చిపోయి చెప్తూనే ఉన్నాను. ముత్యాల మాట ఎత్తుతారేమో అనుకున్నాను. ఆయన ఎత్తలేదు. కట్టు కట్టిన చెయ్యి నా చేతి మీద వేసి, "ఇంకా చెప్పు" అన్నారు.