కందులు కొరికే పన్ను

పటాన్‌చెరు అంగడిలో లక్ష్మీకాంతం ధాన్యం కొట్లో కాంటా కన్నా ముందు ఆయన పన్ను పనిచేసేది. రైతు బస్తా మూతి విప్పగానే నాలుగు కందులు తీసి కుడివైపు కింది దవడ పన్ను కింద వేసుకునేవాడు. టక్కుమని విరిగితే ఎండిన సరుకు. మెత్తగా నలిగితే ఇంకా పచ్చి. ముప్పయ్యేళ్లుగా రైతులు ఆ చప్పుడుకే ఒప్పుకుంటూ వచ్చారు.

"నీ నోరు అబద్ధం జెప్తది గని సేటూ, నీ పన్ను జెప్పదు," అనేవాడు రుద్రారం రైతు కొమురయ్య.

అలాంటి పన్ను తొంభై మూడు జనవరిలో, సరిగ్గా కందులు కొట్టుకు వచ్చే వారం, సలపడం మొదలుపెట్టింది. లవంగం పెట్టాడు, ఉప్పునీళ్లు పుక్కిలించాడు. మూడో రోజుకు నొప్పి చెవి దాకా పాకింది. ఎడమవైపు కొరికి చూస్తే అన్ని కందులూ ఒకేలా అనిపించాయి. ఆ రోజు రెండు బస్తాల పచ్చి సరుకును ఎండినదనుకుని తీసుకున్నాడు. ఈ పన్ను పోతే కొట్లో తాను ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అనిపించింది.

నాలుగో రోజు పొద్దున చెంపకు తువ్వాలు కట్టుకుని బస్టాండు గోడ దగ్గరికి నడిచాడు. పళ్లు పీకే యాదన్న అక్కడే గోనెపట్టా పరిచి, పట్టకారు, కట్టుడు పళ్ల డబ్బా, గ్లాసెడు నీళ్లు ముందు పెట్టుకుని కూర్చుంటాడు. డాక్టరు చదువేమీ లేదు, మేనమామ దగ్గర నేర్చుకున్న పని. ఫ్యాక్టరీ కూలీలు షిఫ్టు దిగి నేరుగా అతని దగ్గరికే వస్తారు. ముందున్నవాడి పన్ను పీకిన పట్టకారును యాదన్న అదే గ్లాసులో ముంచి తీశాడు.

"వేలు వెట్టి సూపెట్టు సేటూ. ఏది సూపెడితే అది తీస్త."

లక్ష్మీకాంతం వేలు లేచింది కానీ ఆ పన్ను దాకా పోలేకపోయింది.

"ఇది పోతే ఎట్ల యాదన్నా?"

"పోతే ఇంకోటి వెడ్త. నా డబ్బల సూడు, ఎన్నున్నయో!"

"కట్టుడు పన్నుకు కంది తెలుస్తదా?"

యాదన్న డబ్బా మూత మూసేశాడు. అబద్ధమాడే మనిషి కాదు. "తెల్వది," అన్నాడు.

అంతలో వెనకనుంచి ఒక చెయ్యి లక్ష్మీకాంతం భుజం పట్టుకుంది. అంగడికి వచ్చిన కొమురయ్య.

"లే సేటూ. పోయినేడు మా మల్లమ్మ గీడనే పీకించుకున్నది. దవడ గుమ్మడికాయ లెక్క వాసింది. సంగారెడ్డి దవాఖానల డాక్టరమ్మ సూసినంకనే నయమైంది."

"కందుల టైము గద కొమురయ్యా, కొట్టు…"

"పన్నే లేకుంటె కొట్టేం జేసుకుంటవ్? నడు, బస్సొచ్చింది."

యాదన్న కోపం తెచ్చుకోలేదు. "జెర పైలం సేటూ," అని తువ్వాలు ముడి సరిచేసి పంపాడు. కిక్కిరిసిన బస్సులో ఆ చెంప చూసి ఒక కాలేజీ పిల్ల లేచి చోటిచ్చింది.

సంగారెడ్డి ఆసుపత్రిలో డాక్టర్ విజయకుమారి గదిలో ఒక మూల స్టీలు పెట్టెలో పనిముట్లు మరుగుతున్నాయి. ఆ ఆవిరి చూడగానే లక్ష్మీకాంతానికి సగం భయం పోయింది. ఆమె సన్నని కడ్డీతో ఒక్కో పన్ను మీద మెల్లగా తడుతూ ఆయన కళ్లనే గమనించింది. ఆ పద్ధతి ఆయనకు తెలిసిందే. బస్తా బస్తాకూ తనూ చేసేది అదే. కింది పన్ను మీద తట్టింది, ఏమీ కాలేదు. పైన చిట్టచివరి పన్ను మీద తట్టగానే కుర్చీలోంచి ఎగిరినంత పనైంది.

"దొంగ ఇక్కడున్నాడు," అని నవ్విందామె. "పుచ్చింది పైనున్న జ్ఞానదంతం. నొప్పి కింద తెలుస్తోంది, అంతే. మీ కింది పన్ను రాయిలా ఉంది సేటుగారూ."

లక్ష్మీకాంతం కళ్లు చెమ్మగిల్లాయి.

"అది నొప్పి గాదు డాక్టరమ్మా, సంబురం!" అన్నాడు గుమ్మంలోంచి కొమురయ్య.

ఆమె సూది మందు వేసి పై పన్ను తీసింది. పదిహేను రోజులు ఆ వైపు గట్టిదేదీ కొరకొద్దని చెప్పింది.

పదహారో రోజు కొట్టు ముందు కొమురయ్య బండి ఆగింది. యాదన్న కూడా వచ్చి సేటు నోరు తెరిపించి చూశాడు. "నేనైతే కిందిదే పీకేటోన్ని," అన్నాడు మెల్లగా. "ఇగ దవడ వాసినోళ్లను సంగారెడ్డి బస్సెక్కిస్త."

లక్ష్మీకాంతం నాలుగు కందులు నోట్లో వేసుకున్నాడు. హమాలీలు కూడా ఆగి చూశారు. చప్పుడు రాలేదు. అయినా ఆయన ముఖం వెలిగిపోయింది.

"పచ్చిగున్నయ్ కొమురయ్యా! ఇంకా రెండెండలు గావాలె!"

"నీ పన్ను పాడుగాను! నేనే గదా దవాఖానకు తోల్కపోయిన! యాదన్నా, తే నీ పట్టకారు!"

అంగడంతా నవ్వింది. లక్ష్మీకాంతం తనే కొట్టు ముందు పట్టా పరిచి కందులు ఆరబోయించాడు. ముగ్గురికీ చాయ్ తెప్పించాడు.

రెండో రోజు మధ్యాహ్నం ఆ కందుల్లోంచే నాలుగు గింజలు తీసి, కొమురయ్యను దగ్గరికి పిలిచి కొరికాడు.

టక్.

ఆ చప్పుడు బస్టాండు గోడ దగ్గర యాదన్నకు కూడా వినిపించిందని కొమురయ్య ఇప్పటికీ చెప్పుకుంటాడు.