లూదియా ఎత్తు

యేసురత్నం చేతిలో కత్తెర ఉన్నంతసేపు ఏ మొక్కా తలెత్తడానికి లేదు. నంద్యాలలో ఆడపిల్లల హాస్టలుకు ఆయన తోటమాలి. వరండా పొడవునా నలభై కుండీలు, నలభైలోనూ జిరేనియమే. ఎప్పుడో ఒక దొరసాని నీలగిరి నుంచి తెచ్చి పెట్టిన మొక్క అది. ఆ పేరు నోరు తిరక్క అందరూ వాసనాకు అనేవాళ్లు. ఆకు నలిపితే గులాబీ వాసన. కానీ వదిలేశామా, ఒట్టి పొగరుబోతు! కింది ఆకులన్నీ రాల్చేసి, కట్టెబారి, ఎటు పడితే అటు సాగిపోతుంది. అందుకని యేసురత్నం చిగురు కనబడితే చాలు, కొస గిల్లేవాడు. వానలు వెనకబట్టగానే సగానికి కోసేవాడు. వేళ్లు కుండీ నిండితే పెళ్లగించి, వేళ్లు కూడా కత్తిరించి, మళ్లీ అదే కుండీలో కూర్చోబెట్టేవాడు. పెద్ద కుండీ ఇస్తే నెత్తికెక్కుతుందని ఆయన సిద్ధాంతం. మోకాలు దాటిన మొక్క ఆ వరండాలో ఒక్కటి కూడా లేదు. "అన్నా, మా జడలు గూడ కత్తిరిస్తావా ఏంది?" అని హాస్టలు పిల్లలు ఆటపట్టించేవాళ్లు.

అలాంటి మనిషి ఇంటి వెనక, హాస్టలు వంటింటికి పోయే దారిలో, బండరాయి మీద ఏడేళ్లుగా కత్తెర సోకని కుండీ ఒకటి ఉండేది.

అందులో మొక్క లూదియా నాటింది. యేసురత్నానికీ ఆయన భార్య సలోమికీ ఒక్కగానొక్క కూతురు. డెబ్బై నాలుగులో, తొమ్మిదేళ్ల వయసులో, నాయన కోసి పారేసిన కొమ్మ ఒకటి ఏరుకొచ్చి డాల్డా డబ్బాలో గుచ్చింది. అది బతికి చిగురేశాక నాయన చేత కుండీలోకి మార్పించింది. "నాయనా, దీన్ని మాత్రం కత్తిరించొద్దు. ఇది నా అంత ఎదగల్ల" అని మాట తీసుకుంది. ఆ వేసవి సెలవులకు తల్లితో కలిసి ఆళ్లగడ్డలో అవ్వ దగ్గరికి పోయింది. మెదడువాపు జ్వరం తగిలింది. మూడు రోజులే. కబురు విని యేసురత్నం బస్సెక్కి పోయేసరికి అంతా అయిపోయింది. అత్తగారి అరుగు మీద కూలబడినవాడు కూలబడినట్టే ఉండిపోయాడు, పిల్లను మట్టిలో పెట్టే చోటికి కూడా పోలేకపోయాడు. ఆ తర్వాత ఆళ్లగడ్డ వైపు మళ్లీ మొహం పెట్టలేదు.

పిల్ల పోయింది, ఇచ్చిన మాట మిగిలింది. ఆ మాటను ఆయన ఎంత మొండిగా పట్టుకున్నాడో చూడండి. లూదియాతో ఒకే బెంచీ మీద కూర్చున్న మహాలక్ష్మి అనే అమ్మాయి రోజూ ఊళ్లోంచి హాస్టలు ఆవరణలోని బడికి వచ్చేది. ఏటా బడి తెరిచిన రోజు ఆ అమ్మాయి గేటు దాటేటప్పుడు, స్తంభంలో ఎన్నో ఇటుక దాకా తల వచ్చిందో యేసురత్నం లెక్కపెట్టుకునేవాడు. ఇంటికొచ్చి, మొక్కకు ఊతంగా పాతిన వెదురుకట్టె మీద కుండీ మట్టి నుంచి అంత ఎత్తున కత్తితో గీత పెట్టేవాడు. ఆ ఏడాదంతా మొక్కను ఆ గీత దాకా లాగి లాగి కట్టేవాడు. తన బిడ్డ ఉంటే ఇంత ఉండేది కదా అని చూసుకునేవాడు. పిచ్చి అనండి, ప్రేమ అనండి, ఆయనకు అదే కూతురు.

సలోమి హాస్టలులో వంట చేసేది. పొట్టి మనిషి, మాట తక్కువ. ఆ కుండీ గురించి ఏడేళ్లలో ఒక్క మాట ఎత్తలేదు. కన్నతల్లికి ఏమీ పట్టలేదని యేసురత్నం లోలోపల కోపం పెట్టుకుని ఉండేవాడు.

ఎనభై ఒకటిలో మహాలక్ష్మి పదో తరగతి పాసై, పై చదువుకు కర్నూలు పోయింది. బడి తెరిచిన రోజు యేసురత్నం గేటు దగ్గర ఊరికే నిలబడి వచ్చేశాడు. ఇంక గీత ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మొక్క సంగతి అంతకంటే అధ్వానం. భుజాల దాకా ఒట్టి కట్టె, నెత్తిన మాత్రం గుప్పెడు ఆకులు, అవీ పండిపోతున్నాయి. కోయకపోతే చస్తుందని ఆయనకు తెలుసు. ఇంకొకరి కుండీ అయితే నాలుగు తిట్టి ఎప్పుడో కోసి పారేసేవాడు. తెలిసి తెలిసి చంపుకుంటున్నాడు మహానుభావుడు!

నవంబరులో ఒకరోజు పొద్దున్నే నీళ్ల డబ్బాతో ఇంటి వెనక్కి పోయాడు. సలోమి బకెట్టు బోర్లించి, దాని మీద మునివేళ్ల మీద నిలబడి, మొక్క కొసకు చెయ్యి చాపుతూ ఉంది.

"ఏం చేస్తాండావ్ ఆడ?"

సలోమి ఉలిక్కిపడి దిగింది. "ఆకు కోసరం. అందల్యా."

"నీకెందుకు ఆకు?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "దినామూ వంటకు పోతా ఒక ఆకు నలుపుకొని పోతాంటి. నీకు తెల్దు. బిడ్డ చేతులు ఈ వాసనే వస్తాండె. రెండేండ్లాయ, నాకు అందక."

యేసురత్నం తలెత్తి కొసనున్న ఆకుల వైపు చూశాడు.

"నువ్వు పెంచే పిల్లకు పదారేండ్లు. ఆ పిల్ల ఎవురో నాకు తెల్దు, నేనెప్పుడూ సూడల్యా. నా బిడ్డ నా గుండెల కాడికే ఉండె. దాన్ని నాకు అందకుండ చేస్తివి."

ఆయన నీళ్ల డబ్బా కింద పెట్టి, అక్కడే కూర్చున్నాడు. ఏడేళ్లు ఈ మనిషి మీద కోపం పెట్టుకున్నందుకు సిగ్గేసింది. మొక్క మొదలును వేలితో తట్టి చూసి అన్నాడు. "ఆకు లేనికాడ కొయ్యాల. కట్టె ముదిరిపోయింది. మళ్ల చిగురొస్తాదని నమ్మకం లేదు సలోమీ."

"రాకపోతే ఇద్దరమూ కూసోని ఏడుద్దాం. ఒక్కపారన్నా ఏడ్సినామా మనం?"

కత్తెర కడిగి తెచ్చాడు. "యాడికి?" అని అడిగాడు. సలోమి మొక్క పక్కన నిలబడి తన గుండెల దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది. "ఈడికి." కట్టె ఒక్కసారికి తెగలేదు. తెగి పడ్డాక పై కొమ్మను ఒళ్లో పెట్టుకుని గుండెలవిసేలా ఏడ్చాడు. సలోమి పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ రోజు హాస్టలులో వంట ఆలస్యమైంది, ఎవరూ ఏమీ అడగలేదు.

కొస కొమ్మను ఐదు ముక్కలు చేసి, కోసిన చోటు ఆరాక ఇసుకలో గుచ్చాడు. వెదురుకట్టె పెరికేశాడు. కుండీలో మిగిలింది ఒట్టి మోడు. అది లూదియా వేలు తగిలిన కట్టె. దానికి నీళ్లు కూడా భయం భయంగా, తడి ఆరాకే పోసేవాడు. ఇరవై ఆరు రోజులు ఏమీ లేదు. ఇరవై ఏడో రోజు కోతకు కాస్త కింద ఆవగింజంత పచ్చదనం కనబడింది. పరుగున పోయి చెప్తే సలోమి పొయ్యి దగ్గర నుంచి తలెత్తలేదు. "నిన్ననే సూసినా. నువ్వే సూస్తావని ఊరుకున్నా" అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఇసుకలో ఐదింటిలో మూడు వేరు పట్టాయి. జనవరి చివర సలోమి ఒకటి డబ్బాలో పెట్టుకుని, "ఆళ్లగడ్డకు పోదాం పా" అంది. ఈసారి ఆయన కాదనలేకపోయాడు.

సలోమి తమ్ముడు కరుణాకర్ వాళ్లను సమాధుల తోటకు తీసుకుపోయాడు. యేసురత్నం పెద్ద సమాధుల వరసలో వెతుక్కుంటూ ముందుకు పోతున్నాడు. "ఆడ కాదు బావా, ఈడ" అన్నాడు కరుణాకర్. వేపచెట్టు నీడలో, రెండు చేతులు చాపితే సరిపోయేంత సమాధి.

యేసురత్నం దాన్ని చూస్తూ నిలబడ్డాడు. "ఇంత చిన్నదా?" అన్నాడు.

"అంతే గదా ఉండె" అంది సలోమి.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని డబ్బాను తలవైపు పెట్టాడు. కరుణాకర్‌కు జాగ్రత్తలు చెప్పాడు. ఎండాకాలం పంచలోకి తీసుకుపోవాలి, నీళ్లు తక్కువ పోయాలి, పెద్ద కుండీలోకి మార్చకూడదు, కొస లేచినప్పుడల్లా గిల్లెయ్యాలి.

"గిల్లితే ఎదగదేమో గదా బావా?"

"ఎదగొద్దులే అప్పా" అన్నాడు యేసురత్నం.

అప్పుడే లేస్తున్న చిగురు కొసను తనే గిల్లి, సలోమి అరచేతిలో పెట్టాడు. నంద్యాలలో బస్సు దిగేదాకా ఆమె పిడికిలి విప్పలేదు.