పద్నాలుగో నంబరు

మా తమ్ముడు వంట చేసే ఓడ జాడ తెలియక రెండు రోజులైంది. తుఫానులో ఉన్నామని కెప్టెన్ ఒక్క ముక్క పంపాడు, అంతే. తమ్ముడికి ఆ ఉద్యోగం వేయించింది నేనే. ఓడల కంపెనీ ఆఫీసులో పదహారేళ్లుగా నెట్‌వర్కు చూస్తున్నాను కదా, నా మాటకు ఆ మాత్రం విలువుందని అప్పట్లో తెగ మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తోంది.

పొద్దున్నే మరదలు వచ్చి నా గదిలో స్టూలు మీద కూర్చుంది. ఏడవడం లేదు. చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. ఏడ్చినా బాగుండేది, కసురుకోవడానికైనా వీలుండేది.

"మీ కంప్యూటరు ఏమంటోంది వదినా?"

"అడుగుతూనే ఉన్నా. ఇంకా ఏమీ అనలేదు."

నేను చేస్తున్న పనిని పింగ్ అంటారు. అవతలి యంత్రం చిరునామాకు చిన్న డేటా ముక్కను పంపుతాం. దాన్నే ప్యాకెట్ అంటారు. అందులో కబురేమీ ఉండదు, ఉన్నావా అని అడగడమే. అవతలిది పనిచేస్తుంటే ఉన్నానని తిప్పి పంపుతుంది. ఆ ఓడలోని చిరునామాలన్నీ నేనిచ్చినవే. ఒకటో నంబరు రూటరుది, లోపలి యంత్రాలన్నిటికీ బయటి దారి చూపేది అదే. పద్నాలుగు వంటగదిలో సరుకుల జాబితా రాసుకునే చిన్న కంప్యూటరుది.

ఆ పద్నాలుగు నా ప్రాణం తోడేసేది. వంటగది బల్ల దగ్గర ఉన్నది ఒకటే ప్లగ్గు. మావాడు రోజుకు నాలుగుసార్లు కంప్యూటరు వైరు పీకేసి తన కెటిల్ పెట్టుకుంటాడు. ఇక్కడ నా తెర మీద పద్నాలుగు మాయం. నా నోటికి జడిసి ఓడలో ఇంకెవరూ ఆ వైరు జోలికి పోరు. వాడికి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు. "టీ మరిగాక పెడతాలే అక్కా, మూడు నిమిషాలకే కొంపేం మునగదు" అనేవాడు. మునగడమనే మాట ఇప్పుడు తలచుకోవాలంటేనే భయంగా ఉంది.

మేనేజరు వచ్చి తెర వైపు తొంగిచూశాడు. ప్యాకెట్లు ఏ దారిన పోతున్నాయో కనుక్కునే కమాండు కూడా నడుపుతున్నాను. నాలుగో వరసలో జవాబుకు బదులు మూడు నక్షత్రం గుర్తులున్నాయి.

"ఇదిగో, లైను ఇక్కడే తెగింది" అన్నాడు.

"తెగలేదు సార్. దారిలో ఉన్న ఆ నాలుగో రూటరు ఎప్పుడూ పలకదు. పలక్కుండానే వచ్చింది వచ్చినట్టు అవతలికి అందిస్తుంది. కింద చూడండి, అయిదూ ఆరూ జవాబిచ్చాయి. ఆరు అంటే ఉపగ్రహానికి పంపే కేంద్రం. దాని తర్వాతే ఏమీ లేదు."

ఆయన తలూపి వెళ్లిపోయాడు. ఈ కమాండు నడిచే తీరు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ప్రతి ప్యాకెట్టుకూ ఇంత అని ఆయుష్షు రాసి పంపుతారు. రూటరు దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. సున్నా అయిన చోట ఆ రూటరు దాన్ని పారేసి, మీది నా దగ్గర పోయిందని కబురు చేస్తుంది. ఒకదానికి ఆయుష్షు ఒకటి, ఇంకోదానికి రెండు, మరోదానికి మూడు ఇచ్చి పంపుతాం. పోయినవాటి కబుర్లను వరసగా పేర్చుకుంటే దారి తెలుస్తుంది. ఇంత గొప్ప ఆలోచన ఏ మహానుభావుడికి వచ్చిందో, దణ్ణం పెట్టాలి.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఓడలోని ఒకటో నంబరు పలికింది.

ఆరువందల నలభై మిల్లీసెకన్లు. పక్క గదికైతే ఒక్కటి కూడా పట్టదు. నా ప్రశ్న ముప్పై ఆరు వేల కిలోమీటర్లు ఆకాశంలోకి ఎక్కి, ఉపగ్రహాన్ని తాకి, అంత దూరమూ దిగి, అల్లాడే నీళ్ల మీద ఆ ఒక్క ఓడను పట్టుకుని, వచ్చిన దారినే తిరిగొచ్చింది. ఇదంతా నేను ఊపిరి పీల్చుకునేలోపే.

"ఓడ తేలుతోంది. కరెంటు కూడా ఉంది" అన్నాను.

"మరి ఆయన?"

రూటరుకు ఆ సంగతి తెలియదు. పద్నాలుగు కొట్టాను. అదీ పలికింది. ఒక వరస, రెండు, మూడు.

"వంటగది కూడా బాగానే ఉందమ్మా."

"కంప్యూటరు వెలగడానికి మనిషెందుకు వదినా?" అంది మరదలు మెల్లగా.

నిజమే. తొమ్మిది వరసలయ్యాక పద్నాలుగు ఆగిపోయింది. పిలిచినా జవాబు లేదు.

"పోయిందా వదినా?" మరదలు స్టూలు మీంచి లేచింది.

గబగబా ఒకటో నంబరు చూశాను. అది పలుకుతూనే ఉంది. అంటే ఓడలో కరెంటు పోలేదు. ఆగింది వంటగది కంప్యూటరు ఒక్కటే. ఒక్కసారిగా కళ్లు మసకబారి తెర కనిపించలేదు.

"చెప్పండి వదినా, ఏమైంది?"

"ప్లగ్గు పీకాడు" అన్నాను. "కెటిల్ పెట్టుకున్నాడు వెధవ."

మరదలు నా భుజం పట్టుకుంది. పదహారేళ్లలో జవాబు రాకపోవడాన్ని నేను అంత మురిపెంగా చూసింది అప్పుడే. ఇద్దరం ఆ ఖాళీ వరసల వైపే చూస్తూ నిలబడ్డాం. నాలుగు నిమిషాలు గడిచాయి. అయిదో నిమిషంలో పద్నాలుగు మళ్లీ పలికింది.

మరదలు ఆ వరస మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"టీ మరిగినట్టుంది వదినా" అంది.