అడుగున నీలం నంబరు

మా చెల్లెలు యాస్నా ఆదివారం పొద్దున ఆరింటికి గని బస్సు ఎక్కాలి. ఏడు రోజులు కొండ మీద పని, ఏడు రోజులు మా ఊరు ఆంతోఫగాస్తాలో ఇల్లు. తను కొండ మీద ఉండే వారం రెండేళ్ల లౌతారో నా దగ్గర ఉంటాడు. యాస్నా కారులో వాణ్ణి కూర్చోబెట్టే పిల్లల సీటు పన్నెండు కిలోలుంటుంది. దాన్ని ఊడదీసి నా కారులో బిగించడానికి అరగంట పడుతుంది, వేళ్లు చీరుకుపోతాయి, అయినా గట్టిగా నిలవదు. అందుకే తేలికైనది ఒకటి కావాలి. నా కారులోకి, అమ్మ కారులోకి, అవసరమైతే టాక్సీలోకి ఒంటిచేత్తో మార్చగలిగేది.

శనివారం పదకొండింటికి పిల్లవాణ్ణి అమ్మ దగ్గర వదిలి సంతకు వెళ్లాం.

"వాడేసిన సీటు కొనకూడదే," అన్నాను.

"నువ్వు పక్కనుండగా భయమేంటక్కా? పదేళ్లుగా గుద్దేసిన కార్లే చూస్తున్నావ్. సీటు మంచిదో కాదో చెప్పలేవా?"

నేను పాడైన కార్ల యార్డులో పనిచేస్తాను. ప్రమాదం జరిగాక కారు అక్కడికి వస్తుంది. బాగుచేయొచ్చో, తుక్కులో వేయాలో నేను రాస్తాను. కారులో పిల్లల సీటు ఉంటే దాని అడుగున నీలం మార్కరుతో నంబరు వేసి, కింద నా పొడి అక్షరాలు రాసి, పట్టీలు కోసేయాలి. ఒకసారి గుద్దుకున్న సీటు చూడటానికి కొత్తదానిలాగే ఉంటుంది. రెండో దెబ్బకు నిలవదు. ఎవరూ మళ్లీ వాడకూడదనే ఆ కోత.

దొన్ ఎలెయుతేరియో అని మాకు ఎప్పటినుంచో తెలిసిన ముసలాయన టార్పాలిన్ మీద మిక్సీలు, బొమ్మలు, సైకిలు టైర్లు పరిచి కూర్చున్నాడు. మధ్యలో బూడిదరంగు మడత సీటు ఉంది.

"నాలుగు కిలోలే తల్లీ. మడిచి భుజాన వేసుకుపోవచ్చు. మా మనవడికైనా ఇదే కొంటాను."

"మీ మనవడికి మీసాలొచ్చాయి కదయ్యా," అంది యాస్నా.

"అందుకేగా అమ్ముతున్నా."

బెల్టు దూరే సందు దగ్గర ప్లాస్టిక్ మీద సన్నటి తెల్లగీత కనిపించింది. గోటితో గీసినట్టుంది. గట్టిగా లాగినప్పుడే అలా వస్తుంది. సీటు తిరగేశాను. నీలం మార్కరుతో 287. దాని కింద డి.కె.

దానిత్సా కార్మెలిక్. నేనే.

పట్టీలు చక్కగా ఉన్నాయి. ఎవరూ కోయలేదు.

జూన్‌లో ఒక సీటు వచ్చింది. బెల్టుతో బిగించకుండా ఊరికే కారులో పెట్టిన సీటు. అందులో కూర్చున్న పాప బతకలేదు. పట్టీల సందులో స్ట్రాబెరీ పెరుగు ఇంకా ఆరలేదు. కత్తి తీశాను. పట్టీ కోయాలంటే పిల్ల కూర్చున్న చోట చేయి పెట్టాలి. పెట్టలేకపోయాను. ఫారంలో పట్టీలు కోసినట్టు టిక్కు పెట్టి సంతకం చేశాను. తర్వాత వచ్చిన సీటుకూ అంతే చేశాను. ఆ తర్వాతిదానికీ అంతే. ఏడుపు రాలేదు, నిద్ర చెడలేదు. టిక్కు పెట్టడం తేలిక. ఇప్పుడు అక్టోబరు. ఈ మధ్యలో పంతొమ్మిది సీట్లు వచ్చాయి.

"ఇది ఎక్కడిది?" అని అడిగాను.

"మీలాంటి పెద్దమనిషే ఇచ్చాడు. నోల్బెర్తో అని, కార్ల యార్డులో వాచ్‌మన్. పారేసేవే కదా, పిల్లలకు పనికొస్తాయన్నాడు. నా దగ్గరికి రెండు వచ్చాయి."

"రెండోది?"

"ఇందాకే పోయింది. ముప్పావుగంట అయ్యుంటుంది. మొగుడూ పెళ్లాం, పాత పికప్. పాపను అందులోనే కూర్చోబెట్టుకుని తోకోపియా వెళ్లారు, అమ్మమ్మ ఇంటికి."

తోకోపియా దారి ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం. మెహియోనెస్ మలుపు దాటి కాస్త దూరం పోతే ఫోన్ సిగ్నలు ఉండదు.

"వాళ్ల నంబరుందా?"

"ఫోన్లోనే బేరమాడింది. మారిసెల్ అని ఉంటుంది చూడు."

ఫోన్ చేశాను. మగగొంతు పలికింది. మీరు కొన్న సీటు ప్రమాదంలో దెబ్బతిన్నది, అందులో పాపను కూర్చోబెట్టొద్దని చెప్పాను.

"ఆహా. తర్వాత కొత్త సీటు పంపిస్తాను, కార్డు నంబరు చెప్పమంటావ్. అంతేనా? నిన్ననే మా పిన్నికి బ్యాంకు నుంచి అంటూ నీలాంటిదే ఫోన్ చేసింది. వేరే పని చూసుకో."

పెట్టేశాడు. మళ్లీ చేస్తే కలవలేదు. నా నంబరును బ్లాక్ చేశాడు.

"వదిలెయ్ అక్కా. చెప్పావ్, వినలేదు," అంది యాస్నా.

"నీ ఫోన్ ఇవ్వు."

"ఎందుకింత..." అని నా మొహం చూసి ఆగింది. ఫోన్ ఇచ్చింది.

ఈసారి ఆడగొంతు. వెనకాల గాలి హోరు.

"మారిసెల్ గారూ, నేను మీ పేరు, అకౌంటు, ఏమీ అడగను. కారు పక్కకు ఆపి సీటు అడుగున చూడండి, అంతే. నీలం మార్కరుతో మూడంకెల నంబరు ఉంటుంది. కింద డి.కె. అని ఉంటుంది. లేకపోతే ఫోన్ పెట్టేయండి."

"ఎవరండీ మీరు? పాప నిద్రపోతోంది."

"లేపండి."

"మీకు పిల్లలు లేరనుకుంటా."

"లేరు. లేపండి."

ఆమె మొగుడు ఏదో అన్నాడు. "ఉండు కాస్త, చూస్తే పోయిందేముంది," అందామె. ఇండికేటరు టిక్కుటిక్కుమంది. పాప ఏడుపు అందుకుంది. బకిల్ ఊడిన చప్పుడు. యాస్నా నా మోచేయి పట్టుకుని నిలబడింది. నాకు ఆ పట్టు తెలుస్తోంది, అంతకుమించి ఏమీ లేదు.

"రెండు... తొమ్మిది... నాలుగు," అంది మారిసెల్. "కింద డి.కె."

"డి.కె. నేనే. అది తెల్లకారులోది, ఆగస్టులో వచ్చింది."

"ఇందులో కూర్చున్న బిడ్డ?"

"బతికింది. సీటు తన పని చేసింది. ఒక్కసారే చేస్తుంది."

సీటు కింద పెట్టిన చప్పుడైంది.

"అట్లాంటప్పుడు ఇది సంతలోకి ఎట్లా వచ్చింది?"

"పట్టీలు కోయాల్సింది నేను. కోయకుండానే కోశానని సంతకం పెట్టాను."

"మా ఆయన ఇదంతా రికార్డు చేస్తున్నాడు."

"చేయనివ్వండి. పూర్తి పేరు దానిత్సా కార్మెలిక్. మీరెక్కడ ఉన్నారు?"

"మెహియోనెస్ మలుపు ఇప్పుడే దాటాం. బస్టాపు దగ్గర. సరే, పాపను ఒళ్లో పెట్టుకుని మెల్లగా వెళ్లిపోతాంలెండి."

"వద్దు. ఒళ్లో పిల్లను ఏ చేతులూ ఆపలేవు. గంటన్నరలో నేనే సీటు తెస్తాను. పాప బరువెంత?"

"పదమూడు. వచ్చే నెలకు మూడేళ్లు."

"పికప్‌లో వెనక సీటుకు ఇనుప కొక్కేలు ఉన్నాయా, బెల్టులేనా?"

"బెల్టులే. అది మా మావయ్య కాలం నాటిది."

దొన్ ఎలెయుతేరియో 287ను నా కారు డిక్కీలో పెట్టాడు. డబ్బు అడగలేదు.

ఊళ్లోని పెద్ద దుకాణంలో సేల్స్ అమ్మాయి మమ్మల్ని ఎర్రసీటు దగ్గరకు తీసుకెళ్లింది. "ఇది చూడండి మేడమ్, కప్పు పెట్టుకోవడానికి చోటుంది, ఉతికే కవరు, మూడు రంగుల్లో దొరుకుతుంది."

"బెల్టు ఒక్కదానితో బిగుస్తుందా?"

"కొక్కేలుంటే బాగా పడుతుందండి."

"లేవు. ఇంకోటి."

రెండోది తేలికే, కానీ వీపు లేని పీట. మూడేళ్లు నిండని పిల్లకు పనికిరాదు. మూడోది బెల్టుకు బాగా ఒదిగింది, పద్నాలుగు కిలోలు. పై అరలో నల్లది ఒకటి ఉంది. కిందికి దించాను. అయిదు కిలోలు. అయిదు పట్టీలు. పక్కన ఆమోదపు స్టిక్కరు. పద్దెనిమిది కిలోల దాకా సరిపోతుంది. బెల్టు దూరే దారి నీలిరంగులో గీసి ఉంది, చీకట్లో కూడా పొరపాటు జరగదు. తన కారుకూ కొక్కేలు లేవని అమ్మాయి దాని తాళం ఇచ్చింది. కిందికి వెళ్లి వెనక సీట్లో బిగించి చూశాను. మోకాలితో అదిమి, బెల్టు లాగి, రెండు చేతులతో కుదిపాను. వేలెడు కూడా కదల్లేదు.

"ఇట్లాంటివి రెండివ్వండి," అన్నాను.

"ఇది ఒక్కటే ఉందండి. మళ్లీ సరుకు బుధవారం వస్తుంది."

కారు దగ్గరకు వచ్చాక యాస్నా అడిగింది.

"మరి లౌతారోకి?"

"బుధవారం దాకా వాణ్ణి నడిపించుకుని వెళ్తాను."

"శిశుకేంద్రం ఇరవై వీధుల అవతల ఉంది."

"ఎత్తుకుంటాను."

"నీ తప్పుకి నా కొడుకు సీటు ఊళ్లోవాళ్లకి."

"అవును."

యాస్నా నన్ను తిట్టలేదు. కారెక్కి బెల్టు పెట్టుకుంది. దారిలో జూన్ నుంచి జరిగిందంతా చెప్పాను. మెహియోనెస్ దాకా తను కిటికీలోంచి చూస్తూ వింది. ఒకసారి మాత్రం అడిగింది. "జూన్లోనే నాకెందుకు చెప్పలేదు?" చెప్పాలంటే ఏదో ఒకటి అనిపించాలి, అప్పుడు నాకేమీ అనిపించలేదు.

బస్టాపు నీడలో ముగ్గురూ కూర్చుని ఉన్నారు. మారిసెల్ ఒళ్లో పాప బన్ను తింటోంది. మొగుడు సన్నటి మనిషి, లేచి ఎదురొచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. నా చేతిలోని సీటు అందుకుని బరువు చూశాడు.

"బిగించడం చూపించు," అన్నాడు.

చూపించాను. మళ్లీ విప్పి ఆయన చేత బిగింపించాను. మొదటిసారి వదులుగా వచ్చింది. రెండోసారి సరిపోయింది. పాపను కూర్చోబెట్టి పట్టీ కింద రెండు వేళ్లు పెట్టి చూశాను. పాప నా వేళ్లు తోసేసింది.

294ను రోడ్డు పక్కన పెట్టి కత్తి తీశాను. 287ను కూడా దించాను. 294 పట్టీల్లో పాప తిన్న బన్ను పొడి ఇంకా ఉంది. చేయి పెట్టి ఒక్కొక్కటే కోశాను. పది పట్టీలు. చేతికి ఏమీ కాలేదు.

మారిసెల్ దగ్గరకొచ్చి నిలబడింది.

"ఇట్లాంటివి ఇంకెన్ని ఉన్నాయి?"

"పదిహేడు. ఎవరి దగ్గరున్నాయో తెలీదు. వాటిని బయటికిచ్చిన మా వాచ్‌మన్ నోల్బెర్తోకి గుర్తుండదు."

"వాళ్లకు ఫోన్ చేసినా మా ఆయనలాగే పెట్టేస్తారు." ఫోన్ చేతిలో తిప్పింది. "తల్లుల గ్రూపు ఒకటుంది. ఇక్కణ్ణుంచి ఇకీకే దాకా నాలుగు వేలమంది. మీరు మాట్లాడింది పెట్టనా? మీ పేరు కోసేసి పెట్టొచ్చు."

యాస్నా నన్ను చూసింది. పేరుంటే సోమవారం నాకు ఉద్యోగం ఉండదు. ఫారాల మీద పంతొమ్మిది దొంగ సంతకాలు ఉన్నాయి, ఉద్యోగంతో ఆగదు కూడా.

"పేరు లేకపోతే మోసం అనుకుంటారు," అన్నాను. "ఉండనివ్వండి. నా ఫోన్ నంబరు కూడా పెట్టండి."

సిగ్నలు ఒక్క గీతే ఉంది. గుండ్రటి గుర్తు చాలాసేపు తిరిగింది. వెళ్లిందని ఆమె తలాడించింది. వాళ్ల పికప్ ఉత్తరానికి కదిలింది. నేను కోసిన సీట్లు డిక్కీలో వేసుకుని దక్షిణానికి తిరిగాను.

మలుపు దాటగానే ఫోన్ మోగింది. కారు పక్కకు ఆపాను. ఎవరో ఆడమనిషి, తన దగ్గరా డి.కె. సీటు ఉందంటూ, పేరు కూడా చెప్పకుండా తిట్టడం మొదలుపెట్టింది. తిట్టడం అయ్యేదాకా ఆగాను. యాస్నా సంచిలోంచి పెన్ను తీసి నా చేతికిచ్చింది.

"నంబరు చదవండి," అన్నాను.