ముత్తిలింగం తలరుమాలు

నేను ఒక తలరుమాలును. తెల్ల నూలు, ఎర్ర అంచు. నన్ను నేసిన ముసలాయన మగ్గం గుంటలో కూర్చుని, దగ్గు మధ్య, "మనిషి కన్న ఇదే ఎక్కువ కాలముంటది" అనేవాడు. ఆయన మాటే నిజమైంది. అది గొప్పగా చెప్పుకునే సంగతేమీ కాదు.

అంగడిలో నన్ను బేరమాడి కొన్నది అండాలు. ఆమె భర్త ముత్తిలింగం కల్లు కోసం తాటిచెట్లు గీసేవాడు. చెట్టెక్కే ముందు నన్ను తలకు చుట్టి, నడుముకు మోకు బిగించేవాడు. ఆయన తలలో చెమట ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు.

ఒక ముసురు పొద్దున మోకు జారి, ఆయన చెట్టు మీంచి పడ్డాడు. రక్తం ఆగాలని నన్నే తలకు బిగించి కట్టారు. ఎడమ చెవిపైన ఎముక లోపలికి నొక్కుకుపోయింది. దానిమీదే పడి ఉన్నాను గనుక నాకు తెలిసింది. ఊరి ఆర్ఎంపీ పైన కుట్లు వేశాడు. చూడవచ్చినవాళ్లు కాళ్లూ చేతులూ వంచి చూశారు. "ఏం ఇరగలే. నీది బలే నసీబు బావా!" అన్నారు. విరిగింది కంటికి కనబడితే తప్ప మనుషులు నమ్మరు.

ఆ తర్వాత ఆయన చెట్టెక్కలేకపోయాడు. ఉప్పేసిన కూరలోనే మళ్లీ ఉప్పేసేవాడు. ఎండ పొడిస్తే నన్ను కనుబొమ్మల దాకా లాక్కునేవాడు. చిన్న మాటకే పిడికిలి లేచేది. "కల్లు తలకెక్కింది" అన్నది ఊరు. పడ్డనాటి నుంచి ఆయన చుక్క ముట్టలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

కల్లు మండువలో కుండలు కడిగే పని మిగిలింది. అక్కడే ఒకనాడు తాగవచ్చిన లచ్చుమయ్య, "ఏమోయ్, చెట్టు నిన్ను దించిందా, నువ్వే దిగినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. ముత్తిలింగం నెట్టాడు. లచ్చుమయ్య వెల్లకిలా పడ్డాడు. రాతి గద్దె అంచు తలకు తగిలి ప్రాణం పోయింది.

చచ్చినవాడి తలను డాక్టర్లు కోసి మరీ చూశారు. చంపినవాడి తలను ఎవరూ తడిమి కూడా చూడలేదు.

జైలుకు నేనూ వెళ్లాను. లెక్కకు జంటలుగా కూర్చోమంటే ఆయన నిలబడేవాడు. పేరు పిలిస్తే మూడోసారికి పలికేవాడు. వార్డరు వీరస్వామి దానికి పొగరని పేరు పెట్టాడు. పొగరుకు మందు లాఠీ. ఆ మందు కొన్నిసార్లు నా మీదుగానే పడింది.

ఇంతలో, మంచిగా నడుచుకున్నవాళ్లను ముందే వదులుతారని కబురొచ్చింది. పైనుంచి పెద్దసారు వచ్చి ఒక్కొక్కరినీ చూస్తాడట. అండాలు ములాఖత్‌కు వచ్చి, ఇనుప జాలీ అవతల నుంచి పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"పెద్దసారు ముందు రుమాలు తీసి సంకల పెట్టుకో. ఏమడిగినా దండం పెట్టు. 'తప్పయింది సార్' అను. ఇంకేం మాట్లాడకు. ఏదీ, అను?"

"తప్పయింది సార్."

"గంతే. ఇంటికొస్తవు."

ఆ ఒక్క మాట పోకుండా ఆయన రోజంతా గొణుక్కున్నాడు.

పెద్దసారు వచ్చిన రోజు మైదానంలో నిప్పులు చెరిగే ఎండ. ముత్తిలింగం నన్ను తీసి సంకలో పెట్టుకున్నాడు. వెలుతురు కళ్లలో గుచ్చుకుని ముఖం ముడుచుకుపోయింది. పెద్దసారు చెవిపైని సొట్టను చూశాడు.

"ఈ దెబ్బేంటి? పాత కొట్లాటా?"

"తప్పయింది సార్."

"బయటికి పోతే మళ్లీ కొడతావా?"

"తప్పయింది సార్."

"నీ పేరేంటి?"

"తప్పయింది సార్."

"ఏంరా, ఎగతాళా!" అంటూ వీరస్వామి నన్ను లాక్కున్నాడు. ఎండ తాళలేక ముత్తిలింగం నాకోసం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి వార్డరు భుజానికి తగిలింది. అంతటితో అయిపోయింది. పెద్దసారు తరువాతివాణ్ణి పిలిచాడు.

నేను ములాఖత్ గది గడపలో కాళ్లు తుడుచుకునే గుడ్డనయ్యాను. నా మీద బూట్లు తుడుచుకుని లోపలికి వెళ్లేవాళ్లంతా శుభ్రమైనవాళ్లే.

మొన్న అండాలు వచ్చింది. ఒక కాలు నా మీద పెట్టబోయి ఎర్ర అంచు చూసింది. కాలు వెనక్కి తీసుకుని, నన్ను దాటి లోపలికి నడిచింది.

"నీ రుమాలేది?" అని అడిగింది. "ఏం జేసినవయ్యా? నేను జెప్పినట్టే అన్నవా?"

ముత్తిలింగం ఆమె వంక చూశాడు. తర్వాత తల వంచి, భార్యకు రెండు చేతులూ జోడించాడు.

"తప్పయింది సార్."